ఉదయం 8 గంటల కాల్

2022 జూన్ 6

విద్యుత్ పంపిణీ కంపెనీలో సర్కిల్ ఎస్ఈగా (సూపరింటెండింగ్ ఇంజనీరు) చార్జి తీసుకున్నాను. శాలువాలు, బొకేలు, ఫొటోలు. యూనియన్ల వాళ్లు విడివిడిగా వచ్చి వెళ్లారు. గది ఖాళీ అయ్యాక ఏవో గారు ఫైళ్లతో పాటు ఒక కాగితం నా ముందు పెట్టారు. ఉదయం 8 గంటల టెలికాన్ఫరెన్స్‌లో ఎవరు ఏ వరసలో మాట్లాడాలో అందులో ఉంది. నాకు ముందున్న ఆయన పెట్టిన పద్ధతి. నిన్న ఎవరి డివిజన్‌లో అంతరాయాలు ఎక్కువో ఆ డివిజనల్ ఇంజనీరు (డీఈ) మొదట సంజాయిషీ ఇవ్వాలి. తర్వాత ఆయన కింది ఏడీఈలు. చివర్లో సెక్షన్లు చూసే ఏఈలు, పేరు పేరునా.

"మారుస్తారా మేడమ్?" అన్నారు ఏవో గారు.

చూద్దామన్నాను.

జూన్ 7

మొదటి కాల్. అందరూ లైన్లో ఉన్నారు. "యస్ మేడమ్." "నోటెడ్ మేడమ్." "అటెండ్ అయ్యాం మేడమ్." నిన్న రాత్రి ఈదురుగాలికి మా క్వార్టర్స్ ఎదుటే వేపకొమ్మ విరిగి లైను మీద పడింది. అయినా సర్కిల్ మొత్తం మీద ఎవరికీ ఏ ఇబ్బందీ లేదట.

కాల్ ముగిసేదాకా ఒక్కరూ "తెలియదు మేడమ్, కనుక్కుని చెబుతాను" అనలేదు. ఇంతమంది ఇంజనీర్లకి అన్నీ తెలిసి ఉండటం ఎక్కడైనా ఉంటుందా?

జూన్ 10

చెప్పకుండా ఒక సబ్‌స్టేషన్‌కి వెళ్లాను. 33/11 కేవీ, ఊరి చివర, చుట్టూ వరి చేలు. నన్ను చూసి షిఫ్ట్ ఆపరేటర్ కుర్చీలోంచి లేచిన ఊపుకి బల్ల మీది రిజిస్టరు కింద పడింది. దాన్ని తీసి ఇస్తుంటే చేతులు వణుకుతున్నాయి. నేనింకా ఏమీ అడగలేదు.

లాగ్ బుక్కూ, లైను ఆపి పనిచేయడానికి అనుమతి రాసే ఎల్‌సీ (లైన్ క్లియర్) పుస్తకమూ పక్కపక్కన పెట్టుకుని మే నెలంతా చూశాను. జంపర్లు మార్చారు. పిన్ ఇన్సులేటర్లు మార్చారు. స్టోర్స్ నుంచి సామాను డ్రా అయింది. ఆ తేదీల్లో చాలావాటికి ఎల్‌సీ నంబరు లేదు. ఫీడరు ఆగినట్టూ లేదు.

మరి ఆ పని ఎలా చేశారు?

అడిగాను. ఆపరేటర్ నేలచూపులు చూశాడు. చాలాసేపటికి, "ఎల్‌సీ ఇస్తే ఫీడరు ఆపాలి కదండి. ఆపితే పొద్దున్న మా ఏఈ గారికి మాట పడుద్దండి" అన్నాడు.

అంతే. ఇంకేమీ చెప్పలేదు. చెప్పాల్సిందేమీ మిగలలేదు కూడా. ఫీడరు ఆగిన నిమిషాలు సైడీ (సగటు అంతరాయ సమయం) లెక్కలోకి ఎక్కుతాయి, ఆ లెక్క 8 గంటల కాల్‌లో చదువుతారు, చదివినప్పుడు పడే మాట భరించలేక కుర్రాళ్లు కరెంటు ఉన్న లైనుకి దగ్గరగా చేతులు పెడుతున్నారు.

రాత్రి నిద్ర పట్టలేదు.

జూన్ 14

తెల్లవారుజామున డీఈ గారి ఫోన్. నిన్న సాయంత్రం ఒక ఎనర్జీ అసిస్టెంట్ పోలు మీంచి జారి పడ్డాడట. చిన్న దెబ్బలేనట. కాకినాడ తీసుకెళ్లారట. చిన్న దెబ్బకి కాకినాడ దేనికి?

వెళ్లాను. బర్న్స్ వార్డు. కుడి అరచెయ్యి మొత్తం కట్టు. ఎడమ మడమ దగ్గర ఇంకో కట్టు. కరెంటు ఒకచోట ఎక్కి ఒకచోట దిగింది. జారి పడినవాడికి ఇలా ఉండదు. ఇలాంటి చేతులు నేను ముప్ఫై ఏళ్లుగా చూస్తున్నాను.

పిల్లాడికి ఇరవై నాలుగేళ్లు. గ్రామ సచివాలయాల ద్వారా వచ్చిన బ్యాచ్. ఐటీఐ చేసి వచ్చాడు. నన్ను చూసి లేవబోయాడు. భుజం మీద చెయ్యేసి ఆపాను. ఒకటే అడిగాడు.

"ఉద్యోగం పోదు కదండి?"

వాళ్లమ్మ మంచం పక్కన నేల మీద కూర్చుని ఉంది. ఆవిడ నన్నేమీ అడగలేదు. ఫ్లాస్కు మూత తీసి, పెట్టి, తీసి, పెట్టి. "ఏం జరిగిందమ్మా?" అంటే, "జారిపడ్డాడండి" అంది. ఆవిడకీ అదే చెప్పమన్నారు ఎవరో.

జూన్ 15

ఆ సెక్షన్ ఏఈని పిలిపించాను. ముప్ఫై రెండేళ్లు ఉంటాయేమో. చొక్కా చెమటకి తడిసిపోయింది. షాక్ కొట్టిందని ఆరున్నరకే తెలుసట. రాత్రంతా ఎవరికీ చెప్పలేదు.

"ఎందుకు?"

"పొద్దున్న కాల్‌లో అందరి ముందు... మేడమ్, పోయినసారి నన్ను ఇరవై నిమిషాలు లైన్లో ఉంచి తిట్టారు. నా కింద లైన్‌మన్లు కూడా విన్నారు. ఆ తర్వాత వాళ్ల ముందు నేను తలెత్తలేకపోయాను."

అది ఇదివరకటి సంగతి. ఇప్పుడు నేను కదా ఉన్నది, నాకు చెప్పొచ్చు కదా అనబోయి ఆగాను. నేనెవరో అతనికేం తెలుసు? కుర్చీ అదే.

డీఈ గారు సస్పెండ్ చేద్దామన్నారు. ప్రమాదం దాచినందుకు. తప్పే. విద్యుత్ చట్టం సెక్షన్ 161 కింద ఇన్‌స్పెక్టరేట్‌కి తెలపాలి, ఫారం-ఏ వెళ్లాలి. వెంటనే పంపించాను, షాక్ అనే రాసి. సస్పెన్షన్ మాట తర్వాత చూద్దామన్నాను. ఆయనకి నచ్చలేదు. నాకంటే నాలుగేళ్లు పెద్ద. నేను లేకపోతే ఈ కుర్చీ ఆయనదే.

జూన్ 21

హైదరాబాద్. ట్రైనింగ్ ఎప్పుడో ఖరారైంది, తప్పలేదు. రాజ్‌భవన్ రోడ్డులో అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ, బెల్లావిస్టా. ఒకప్పుడు బేరార్ యువరాజు భవనం. 1956లో పెట్టిన కాలేజీ. మాలాంటివాళ్లని కూర్చోబెట్టి పాఠాలు చెబుతారు ఇక్కడ. బొగ్గు, ఉక్కు, బ్యాంకులు, కరెంటు. అందరం యాభై దాటినవాళ్లమే. విషయం ఎమోషనల్ ఇంటెలిజెన్స్. టైటిల్ చూసి ఒకరిద్దరు పెదవి విరిచారు.

డేనియల్ గోల్‌మన్ 2000లో రాసిన వ్యాసం మీద చర్చ నడిచింది. 3,871 మంది ఎగ్జిక్యూటివ్‌ల మీద చేసిన పరిశీలన. నాయకత్వం ఆరు రకాలట. చెప్పింది చెయ్ అనేవాడు, తాను పరుగెత్తుతూ అందర్నీ పరుగెత్తించేవాడు, ఈ ఇద్దరి దగ్గరే పనిచేసే వాతావరణం దెబ్బతింటుందని తేలింది. అయితే ఆపద సమయంలో ఆజ్ఞాపించడం అవసరమేనని కూడా అన్నాడాయన.

అక్కడే ఆగిపోయాను. మా కంపెనీలో ఆపద లేని రోజు ఏది? వేసవిలో లోడు, వానాకాలంలో గాలి, ఏడాది పొడవునా వసూళ్లు. ఆపద పేరు చెప్పి ఏడాది పొడవునా ఆజ్ఞలే ఇస్తూ పోతే ఎవరు కాదనగలరు?

నా పక్కన బొగ్గు కంపెనీ జీఎం ఒకాయన. టీ దగ్గర అన్నారు: "మేడమ్, గనిలో పైకప్పు చప్పుడు చేస్తోందని కార్మికుడు చెప్పాలంటే, చెప్పినందుకు ఉత్పత్తి పోయిందని తిట్టు తినకూడదు." ఇంత సూటిగా ఇంకెవరూ చెప్పలేదు ఇవాళ.

జూన్ 22

ధవన్ గారి కథ చెప్పారు. ఎక్కడికి వెళ్లినా చెబుతారు. 1979 ఆగస్టు 10, శ్రీహరికోట. ఎస్‌ఎల్‌వీ-3 రాకెట్ బంగాళాఖాతంలో పడిపోయింది. ప్రెస్ ముందుకి తానే వెళ్లి బాధ్యత తీసుకున్నారు అప్పటి ఇస్రో ఛైర్మన్ సతీశ్ ధవన్. 1980 జూలై 18న విజయం వచ్చినప్పుడు మాత్రం ప్రాజెక్టు డైరెక్టర్ కలాం గారిని పంపించారు.

అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. నా బుర్రలో ఇంకో ప్రశ్న. 1979లో ఆ రోజు కంప్యూటర్ ఆగమంది. నిపుణులు ఫర్వాలేదన్నారు. కలాం గారు ముందుకే వెళ్లారు. రెండో దశ కంట్రోల్ సిస్టమ్‌లో యాసిడ్ లీకు. ప్రెస్ వాళ్లు వెళ్లిపోయాక ఆ గదిలో ఏం జరిగి ఉంటుంది? ఆ లీకుకి దగ్గరగా పనిచేసిన మనుషులు మర్నాడు పొద్దున్న ఏ ముఖంతో వచ్చి ఉంటారు? వాళ్లని వేలెత్తి చూపి ఉంటే, మరుసటి ఏడాది ఇంకో లీకు కనిపించినప్పుడు ఎవరైనా నోరు విప్పేవారా? కెమెరా ముందు ఆయనేం చెప్పారో అందరికీ తెలుసు. నాకు కావలసింది తలుపులు మూసుకున్నాక చెప్పింది.

మధ్యాహ్నం ఇంకో పేరు విన్నాను. జె.బి.పి. సిన్హా. పట్నాలో పనిచేసిన మనస్తత్వ శాస్త్రవేత్త. 1980లోనే మన దేశపు ఆఫీసుల గురించి పుస్తకం రాశారట. మన దగ్గర పనిచేసే నాయకుడు ఆప్యాయంగా ఉంటాడు, కానీ ఆ ఆప్యాయత పనిని బట్టి ఉంటుంది అన్నది ఆయన మాట. పని చేసేవాడిని దగ్గరకి తీస్తాడు, ఎదగనిస్తాడు, క్రమంగా పగ్గాలు వదులుతాడు. ఇది నాకు చాలా దగ్గరగా అనిపించింది. ఎక్కడో చూశాను ఇలాంటి మనిషిని.

జూన్ 23

గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో. పై బెర్తు. అలాంటి మనిషిని చూసింది ఎక్కడో గుర్తొచ్చింది.

1996 నవంబరు 6. కోనసీమ తుఫాను. నేను అప్పటికి ఏఈగా కుదురుకుంటున్నాను. విద్యుత్ బోర్డు రోజులు. తెల్లారేసరికి నా సెక్షన్‌లో నిలబడ్డ పోలు కనిపించలేదు. కొబ్బరి చెట్లు లైన్ల మీద, లైన్లు రోడ్ల మీద. మా ఎస్ఈ గారు లుంగీ మీద చొక్కా వేసుకుని మోటార్ సైకిల్ వెనక కూర్చుని వచ్చారు. వచ్చీ రాగానే కేకలు. "ఏమ్మా, ఈ స్టే వైర్లు ఎవడు కట్టాడు? చూసుకోవద్దా? కళ్లెక్కడ పెట్టుకున్నారు?" లైన్‌మన్ల ముందే. రోడ్డు మీదే. నాకు ఏడుపొచ్చింది.

ఆ మనిషికి ఎవరూ ఏదీ దాచేవారు కాదు. అదే విచిత్రం. ఎంత చెడ్డ వార్తయినా ముందు ఆయనకే వెళ్లేది. తిట్లు తిని వచ్చి నవ్వుకునేవాళ్లం.

ఎందుకు? అప్పుడు ఆలోచించలేదు. ఇప్పుడు ఒక్కొక్కటీ తోస్తున్నాయి. ఆయన కేకలు లైనుని చూసి పుట్టేవి, అక్కడితో అయిపోయేవి. కాన్ఫిడెన్షియల్ రిపోర్టులో ఒక్క అడ్వర్స్ రిమార్కు రాయలేదు మా ఎవరికీ. ఆ రాత్రి సబ్‌స్టేషన్ వరండాలో మాతో పాటే పులిహోర పొట్లం విప్పుకున్నారు. బోర్డు హెడ్డాఫీసు విద్యుత్ సౌధకి వెళ్లిన రిపోర్టులో నా సెక్షన్ ఆలస్యానికి బాధ్యత తనదని రాశారని తర్వాతెప్పుడో టైపిస్టు చెప్పాడు.

మెత్తగా మాట్లాడటం ఒక్కటే కాదన్నమాట. మెత్తగా మాట్లాడి ఫైల్లో పొడిచేవాళ్లనీ చూశాను.

జూన్ 27

వరస మార్చాను. అంతరాయాల లెక్క చివరికి పెట్టాను. మొదటి ప్రశ్న: "నిన్న ఎన్ని ఎల్‌సీలు తీసుకున్నారు?"

నిశ్శబ్దం. ఎవరిదో స్కూటర్ హారన్ వినిపించింది.

ఒక ఏడీఈ నెమ్మదిగా, "తక్కువే మేడమ్, తగ్గించాం మేడమ్" అన్నాడు. మెప్పు వస్తుందనుకున్నాడు.

జూన్ 30

ఎల్‌సీల లెక్కలు పెరిగాయి, కాగితం మీద. ఒక డివిజన్‌లో పని లేని రోజు కూడా ఎల్‌సీ రాశారు. నేను అడుగుతున్నానని. భయం ఎక్కడికీ పోలేదు. వేరే అంకె చుట్టూ చేరింది, అంతే.

ఏం చెయ్యాలి దీన్ని?

జూలై 4

కాంట్రాక్టర్ ఒకాయన కింద అకౌంట్స్ సెక్షన్‌లో అన్నాడట: "కొత్త మేడమ్ మెత్త, ఫర్వాలేదు." ఏవో గారు చెప్పాలా వద్దా అని తటపటాయించి చెప్పారు.

పోయిన వారం ఒక బిల్లు దగ్గర గొంతు పెంచాను. అప్పుడు ఇంకో మాట: "మేడమ్‌కి ఇంట్లో ఏదో గొడవ అయి ఉంటుంది." నా ముందున్నాయన బల్ల గుద్దితే స్ట్రిక్ట్ ఆఫీసర్. నేను గొంతు పెంచితే ఇంట్లో గొడవ. ఊరుకుంటే మెత్త. ఏఈగా చేరిన రోజు నుంచీ ఇదే. ఆడ ఆఫీసర్లు నలుగురం కలిస్తే ఇదే మాట్లాడుకుంటాం. మా కోపాన్ని కొలిచే తూకం వేరు, మా ఓర్పుని కొలిచే తూకం వేరు. లీడర్‌షిప్ పాఠాల్లో ఈ పేజీ ఎవరూ రాయలేదు. రాయాలి.

జూలై 12

గోదావరిలో భద్రాచలం నుంచి వస్తున్న నీళ్లు చూస్తే భయంగా ఉంది. జూలైలో ఇంత వరద నా సర్వీసులో చూడలేదు. పడవలు, తాళ్లు, టార్చిలు, స్టోర్స్‌లో స్పేర్ డీటీఆర్‌లు (ట్రాన్స్‌ఫార్మర్లు). 8 గంటల కాల్ రోజుకి మూడుసార్లు. ఇప్పుడు మాత్రం ఆజ్ఞలే. "చెయ్యండి. అయ్యాక చెప్పండి." ఎవరూ నొచ్చుకోలేదు. ఇది నిజం ఆపద అని అందరికీ తెలుసు.

జూలై 15

ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక నడుస్తోంది. 17 లక్షల క్యూసెక్కులు దాటాక ఇక లెక్కలు పెట్టడం కష్టం. లంకల్లో నీళ్లు.

ఇవాళ్టిది వివరంగా రాసుకోవాలి.

హెడ్డాఫీసు మాట: పునరావాస కేంద్రాలకీ, తాగునీటి పథకాలకీ వీలైనంతసేపు సప్లయి ఉంచండి. న్యాయమైన మాటే. నేను కాల్‌లో అదే చెప్పాను. రెండు లంకలకి రాత్రి దాకా ఫీడరు ఉంచమన్నాను.

"కుదరదు మేడమ్."

ఎవరు? ఆ ఏఈయే. ప్రమాదం రాత్రంతా దాచినవాడు.

"డీటీఆర్ దిమ్మెకి నీళ్లు జానెడు దూరంలో ఉన్నాయి మేడమ్. సర్వీసు వైర్లు కిందకి వేలాడుతున్నాయి. గొడ్లని తోలుకుని మనుషులు నీళ్లలోనే వస్తున్నారు. నేను కళ్లారా చూస్తున్నాను. ఇప్పుడే తీసెయ్యాలి. రాత్రి దాకా ఆగమంటే నేను ఒప్పుకోను."

లైన్లో అందరూ ఊపిరి బిగబట్టారు. నాకు తెలిసింది. డీఈ గారు, "ఏమయ్యా, ఎవరితో మాట్లాడుతున్నావ్..." అని మొదలుపెట్టారు.

"ఆగండి డీఈ గారూ" అన్నాను. "బాబూ, నువ్వు నీళ్ల దగ్గర ఉన్నావు, నేను లేను. తీసెయ్. టైము రాసుకో. ఆర్డరు నాదని రాయి."

తీసేశాడు. చీకటి పడేలోపు దిమ్మె మునిగింది. నీళ్లు ఫ్యూజు బాక్సు దాకా వచ్చాయని పడవ మీంచి ఫొటో పంపాడు.

నాకు సంతోషంగా ఉంది. లంకలు మునుగుతుంటే సంతోషమేమిటి? కానీ ఉంది.

జూలై 17

25 లక్షల క్యూసెక్కులు దాటింది. నిద్ర లేదు. రాయలేను.

జూలై 20

పైనుంచి ఫోన్. రెండు లంకలకి ఎవరిని అడిగి ముందే సప్లయి తీశారు? ప్రజాప్రతినిధులు అడుగుతున్నారట. "ఫీల్డ్ నుంచి వచ్చిన సమాచారంతో నేనే తీయించాను సార్. టైము లాగ్‌లో ఉంది." "మీ ఏఈలు చెప్పినట్టు మీరు చేస్తారా?" "నీళ్ల దగ్గర ఉన్నది వాళ్లు సార్."

చాలాసేపు మాట పడ్డాను. చెవి దగ్గర్నుంచి ఫోను తీసి దూరంగా పెట్టుకోలేదు, మొత్తం విన్నాను. ఆ మాటల్లో ఒక్కటి కూడా ఆ కుర్రాడి దాకా వెళ్లలేదు. వెళ్లదు.

మనుషులెవరూ పోలేదు మా లైన్ల వల్ల. ఒక్కరు కూడా.

జూలై 23

నీళ్లు తీస్తున్నాయి. ఒక్కొక్క సర్వీసూ ఇన్సులేషన్ కొలిచే మెగ్గర్ పెట్టి చూసి గానీ చార్జి చెయ్యడం లేదు. జనం తిడుతున్నారు. తిట్టనీ.

ఇంకో సెక్షన్ ఏఈ వరద నాలుగు రోజులూ ఊళ్లో లేడు. ఫోను తీసి "స్పాట్‌లో ఉన్నాను మేడమ్" అనేవాడు. లైన్‌మన్లు తామే నడిపించారు. ఇవాళ పిలిచాను. "పిల్లలకి బాగోలేదు మేడమ్, మీరు అర్థం చేసుకుంటారనుకున్నాను" అన్నాడు.

పిల్లలకి బాగోలేకపోతే సెలవు అడగాలి. ఇచ్చేదాన్ని, ఇంకొకరిని పెట్టేదాన్ని. లేని చోట ఉన్నానని చెప్పాడు, దాని మీద ఆధారపడి నేను నిర్ణయాలు తీసుకున్నాను. చార్జ్ మెమో ఇచ్చాను. నేనే డిక్టేట్ చేశాను. గొంతు పెంచలేదు.

డీఈ గారు ఆశ్చర్యపోయారు. "ఇతనికిచ్చి, అతనికివ్వలేదేం మేడమ్?" అన్నారు. అతను భయపడి దాచాడు, ఇతను సౌకర్యం కోసం అబద్ధం ఆడాడు. రెండూ ఒకటేనా? నాకు కావనే అనిపిస్తోంది.

జూలై 30

రాత్రి పది దాటింది. తెలియని నంబరు.

"మేడమ్ గారండి, నేను షిఫ్ట్ ఆపరేటర్నండి. జూన్‌లో మీరు వచ్చారండి. పుస్తకం కింద పడింది కదండి."

"చెప్పు నాయనా."

"తప్పు ఎల్‌సీ ఇచ్చానండి."

లైన్‌మన్ టౌన్-2 ఫీడరుకి ఎల్‌సీ అడిగాడు. ఇతను టౌన్-3 బ్రేకర్ తీశాడు. లైన్‌మన్ అలవాటు ప్రకారం నియాన్ టెస్టర్ పెట్టాడు. వెలిగింది. కిందకి దిగిపోయాడు. ఎవరికీ ఏమీ కాలేదు. లైన్‌మన్, ఇతను ఇద్దరే ఉన్నారు. చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు.

వెంటనే బయల్దేరాను. కంట్రోల్ రూములో ఒక్కటే లైటు. రెండు ప్యానెళ్లూ ఒకేలా ఉన్నాయి, పక్కపక్కనే. పేర్లు ఎప్పుడో రాసినవి, 2కీ 3కీ తేడా నాకే తెలియలేదు దగ్గరగా వెళ్లి చూస్తే గానీ. రిలీవర్ రాలేదు, అతను రెండో డ్యూటీలో ఉన్నాడు. ఎదురుగా కూర్చుని రాయించాను, ఉన్నది ఉన్నట్టు. రాస్తూ రాస్తూ ఆగి, "ఇది నా సర్వీసు రిజిస్టర్లో పడుద్దాండి?" అన్నాడు.

"పడదు" అన్నాను.

తెల్లారేసరికి పెయింటర్ వచ్చాడు.

ఆగస్టు 4

డీఈ గారు తలుపు మూసి కూర్చున్నారు. ఆపరేటర్‌కి మెమో ఇవ్వకపోవడం మీద. "ఇవాళ టెస్టర్ వెలిగింది. రేపు వెలక్కపోతే? భయం లేకపోతే వీళ్లు గ్లౌజు కూడా వేసుకోరు మేడమ్."

కాసేపాగి, నేనడక్కుండానే చెప్పారు. ఏఈగా ఉన్నప్పుడు ఒక లైన్‌మన్. పేరు చెప్పారు, ఇక్కడ రాయను. వర్షంలో ఎక్కొద్దని ఈయన గట్టిగా అనలేదట. మంచివాడు కదా, నొచ్చుకుంటాడని. ఎక్కాడు. దిగలేదు. అప్పట్నుంచీ ఎవరితోనూ మెత్తగా మాట్లాడకూడదని పెట్టుకున్నారట.

రెండు నెలలుగా ఈ మనిషిని నా కుర్చీ మీద కన్నున్నవాడిగా చూశారు అందరూ. ఆయన మోస్తున్నది ఇదీ.

ఏం చెప్పను? "గట్టిగా చెప్పడం మానొద్దు మీరు. వాళ్లు మీకు చెప్పడం మానకుండా చూడండి" అన్నాను. సరిపోయిందో లేదో తెలియదు. టీ తాగి వెళ్లారు. గ్లౌజుల సంగతి ఆయన అన్నది నిజమే. ఏ సబ్‌స్టేషన్‌లో ఎన్ని జతలు పనికొస్తాయో ఆయననే తనిఖీ చెయ్యమన్నాను. వెంటనే ఒప్పుకున్నారు.

ఆగస్టు 8

ఆ పిల్లాడు ఆఫీసుకి వచ్చాడు, వాళ్లమ్మతో. అరచేతికి చర్మం వేశారు. రెండు వేళ్లు వంగడం లేదు. సబ్‌స్టేషన్‌లో కూర్చునే పని రాయించాను. వాళ్లమ్మ ఈసారి అడిగింది: "ఆ రోజు లైను ఎందుకు ఆపలేదండి?"

జవాబు చెప్పాను. ఉన్నదంతా చెప్పాను. ఆవిడ తలాడించింది. ఏమనుకుందో.

ఆగస్టు 11

8 గంటల కాల్. ఆపరేటర్ పేరు చెప్పకుండా టౌన్-2, టౌన్-3 సంగతి అందరికీ చెప్పాను. మీ ప్యానెళ్ల మీద పేర్లు చూసుకోండన్నాను. మామూలుగా "నోటెడ్ మేడమ్" రావాలి.

"మేడమ్, మా దగ్గరా జరిగింది. మార్చిలో. చెప్పలేదు." ఒక ఏఈ.

తర్వాత ఇంకొకరు. ఒక కల్యాణ మండపం జనరేటర్ నుంచి వెనక్కి కరెంటు వచ్చి, ఎల్‌సీ తీసుకున్న లైనే బతికిందట. ఎర్త్ రాడ్లు వేసి ఉండబట్టి మనిషి మిగిలాడు. ఇంకొకరు. ఇంకొకరు. అంతరాయాల లెక్క దాకా రానేలేదు ఇవాళ. తొమ్మిదిన్నర అయింది. ఎవరూ ఫోను పెట్టెయ్యలేదు.

డీఈ గారు ఆఖర్న, "అన్నీ రాసుకున్నాను మేడమ్. జనరేటర్లున్న సర్వీసులన్నీ నేను తనిఖీ చేయిస్తాను" అన్నారు.

ఆగస్టు 19

హెడ్డాఫీసు లేఖ. మా సర్కిల్‌లో ఫీడర్ల నిలుపుదల నిమిషాలు పెరిగాయి. తృటిలో తప్పిన ప్రమాదాల రిపోర్టులు మిగతా సర్కిళ్లకంటే ఎక్కువున్నాయి. పర్యవేక్షణ లోపించినట్టు కనిపిస్తోంది. వారంలో సంజాయిషీ ఇవ్వాలి.

ఏవో గారు డ్రాఫ్టు పెట్టారు. "వరదల కారణంగా" అని మొదలైంది. పక్కన పెట్టి నేనే రాశాను. నిమిషాలు పెరిగింది వరదకి కొంత. మిగతాది ఎల్‌సీలు తీసుకుని పనిచేస్తున్నందువల్ల. ఇన్నాళ్లూ ఆ నిమిషాలు లెక్కలోకి రాకపోవడానికి కారణం బతికున్న లైన్ల మీద మా మనుషులు పనిచేయడం. రిపోర్టులు ఎక్కువ వచ్చింది ఇప్పుడు చెబుతున్నందువల్ల. మిగతా సర్కిళ్లలో సున్నా ఉన్నచోట ఎల్‌సీ పుస్తకాన్ని స్టోర్స్ డ్రాలతో పోల్చి చూడమని కోరుతున్నాను. ఉదయం సమీక్షల్లో అంతరాయాల లెక్క కింది ఉద్యోగుల ముందు చదివే పద్ధతి కంపెనీ అంతటా ఆపాలని కూడా కోరుతున్నాను.

సంతకం చేసి పంపించాను. ఎల్‌సీ లేకుండా ఈ సర్కిల్‌లో ఎవరూ పోలు ఎక్కకూడదు, నేనున్నా, రేపు ఇంకొకరు వచ్చినా.